పాత బాండుకు ధర ఎక్కువ

హాలియా,
11 ఏప్రిల్ 2021.

తమ్ముడు జాషువాకు అక్క కోమల రాసేది.

మీరందరు మంచిగున్నరని దేవుని మీద భారమేసి రాస్తున్న. గిన్ని సెల్‌ఫోన్లున్న కాలంల ఉత్తరమేందని నవ్వకు. నిన్న నువ్వు ఫోన్ చేసి పావుగంట మాట్లాడినవ్. నేను ఊఁ అన్న, ఆఁ అన్న, మంచిదే మంచిదే అన్న. పక్కింటి రామమ్మ నా చేతిలకెల్లి ఫోన్ గుంజుకొని, "నీ మరదలికి జ్వరమొచ్చిందని చెప్తుంటే మంచిదే అంటవేందే?" అన్నది. సిగ్గుతోని నాకు చెమటలు పట్టినయ్. నిజం చెప్తున్న తమ్ముడు, ఫోన్ల నీ మాట నాకు గుయ్యిమని ఇనబడుతది, గంతే. మరదలికి ఎట్లున్నదో కాగితం మీద రాయి.

పోయిన నెల నల్లగొండ పోయి చెవుల డాక్టరుకు చూపించుకున్న. రెండు చెవులకు ఇనబడే మిషన్లు పెట్టుకోవాలన్నడు. ఒక్కోటి ముప్పై వేలు. కుడిది వయసు మీద పోయిందట. ఎడమదాంట్ల లైటేసి చూసి, "ఇది ఎప్పటి సంది?" అని చీటీ మీద రాసి అడిగిండు. చిన్నప్పటిది సారూ అన్న. ముప్పైఐదేండ్లు చర్చోళ్ళ మిషన్ దవాఖానల ఆయమ్మగ చేసిన, ఊరందరి పిల్లలను ఎత్తిన, నా చెవి మాత్రం ఒక్కనాడు ఎవ్వలకు చూపించుకోలే. ఎంత తెలివో చూడు.

తిండికి పెన్షను సరిపోతది. రిటైరైనప్పుడు వచ్చిన ఎనిమిది లక్షలు బ్యాంకుల వేసిన గద, దాని వడ్డీ నెలకు ఐదు వేలు వచ్చేది. ఇంటి కిరాయి పోను మిగిలింది చెవుల కోసం పక్కకు పెడుతున్న. పద్దెనిమిది వేలయినయ్. ఇంకో ఏడాదింబావుల రెండు చెవులొస్తయనుకున్న. మొన్న డిపాజిటు గడువైపోతే మళ్ళ రాయించనీకి పోయిన. ఇగ నెలకు మూడువేల ఆరు వందలేనట! కిరాయి పోతే మిగిలేది పద్నాలుగు వందలు. ఏడాదింబావు పట్టేది రెండున్నరేండ్లయింది. ఎందుకు తగ్గింది సారూ అని మేనేజరును అడిగితే, నాకు ఇనబడదని ఆయన కూడ చీటీ మీదనే రాసిండు. ఒక్కటే మాట. ముంబై.

ముంబైల ఉన్నది నువ్వే గదరా. ఏం జేసినవ్?

మీ అక్క,
కోమల

నీ చిన్నబిడ్డ పరీక్షలు అయినయా, రద్దయినయా? మామిడికాయ తొక్కు పెట్టిన. బస్సులు మంచిగ నడిస్తే పంపుత.


ముంబై,
24 ఏప్రిల్ 2021.

మొద్దక్కకు,

కోపం తెచ్చుకోకు, చిన్నప్పటి నుంచి పిలిచే పిలుపే కదా. ఏడో తరగతిలో బడి మానేసి, "నాకు చదువు అబ్బలే, నేను మొద్దును" అని నవ్వుతూ చెప్పింది నువ్వే. ఇప్పుడు చెవులు కూడా మొద్దుబారాయంటున్నావు, పేరు ఇంకా బాగా కుదిరింది. మీ మరదలికి జ్వరం తగ్గింది. కొద్దిగా నీరసం ఉంది. నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వింది.

మేనేజరు చీటీ నిజమే. నీ వడ్డీ తగ్గింది ముంబైలోనే. కానీ నేను కాదు తల్లీ, మా అందరికీ పైనున్న రిజర్వు బ్యాంకు.

చెప్తాను విను. గవర్నమెంటు అప్పు తీసుకుంటే బాండు రాసి ఇస్తుంది. గవర్నమెంటు ముద్ర ఉన్న కాగితం. వంద రూపాయల కాగితానికి ఏడాదికి ఏడు రూపాయల వడ్డీ అనుకో. ఆ ఏడు మారదు. బ్యాంకులన్నీ ఆ కాగితాలు దగ్గర పెట్టుకుంటాయి, కొంటాయి, అమ్ముతాయి. ఇరవై తొమ్మిదేళ్లుగా మా బ్యాంకులో, మా గదిలో నేను చేసే పని అదే. పోయిన ఏడాది నుంచీ రిజర్వు బ్యాంకు వాటిని కొంటూనే ఉంది, ఈ నెల వచ్చి ఇంకో మూడు నెలల్లో లక్ష కోట్ల బాండ్లు కొంటానని చెప్పింది. హాలియా మార్కెట్‌కు ఎంత కొన్నా సంచి ఖాళీ కాని సేటు ఒకడు వచ్చి వడ్లన్నీ కొంటానంటే ఏమవుతుంది? ధర పెరుగుతుంది. ఇక్కడా అంతే. వంద రూపాయల కాగితం నూట పదికి పోతే, ఇచ్చేది అదే ఏడు రూపాయలు, పెట్టింది నూట పది. అంటే నూటికి ఆరు రూపాయల చిల్లరే. అట్లా ఆ వడ్డీ తగ్గితే దాని వెనక అన్ని వడ్డీలూ తగ్గుతాయి. అప్పు తీసుకునే వాడిదీ తగ్గుతుంది, నీలాగా దాచుకున్న వాళ్ళదీ తగ్గుతుంది.

ఎందుకు చేస్తున్నారంటే, ఈ రోగం వల్ల పనులన్నీ ఆగిపోయాయి కదా. అప్పు చౌకగా దొరికితే ఫ్యాక్టరీలు మూతపడవని, కూలీలకు పని మిగులుతుందని. పెద్ద దేశాలు పదమూడేళ్ల కింద నుంచే చేస్తున్నాయి. దానికి క్వాంటిటేటివ్ ఈజింగ్ అని నోరు తిరగని పేరు. మన దగ్గర వేరే పేరు పెట్టుకున్నారు.

ఇంతకీ అసలు సంగతి. అరవై వేలు నేను పంపుతాను. వెంటనే నల్గొండ వెళ్ళి రెండు చెవులూ తెచ్చుకో.

నీ తమ్ముడు,
జాషువా


హాలియా,
9 మే 2021.

తమ్ముడు జాషువాకు,

నీ ఉత్తరం మూడుసార్లు సదివిన. పుస్తకం లెక్క రాస్తవేందిరా? ముప్పైఏండ్లల్ల మన మాటనే మరిచినవ్. అయినా సమజయింది. ఒక్కటే సమజ్ కాలే. లక్ష కోట్లు ఆ సేటుకు యాడికెల్లి వచ్చినయ్? సేటు కూడ ఒకరి దగ్గర తెచ్చుకోవాలె గద. జర రాయి.

పైసలు మాత్రం పంపకు. నీ పైసలతోని నేను ఇనను. ఎందుకని అడగకు, నా ఇష్టం. నువ్వు ఉద్యోగంల చేరినప్పటి సంది అడుగుతున్నవ్, నేను వద్దంటున్న. ఇంత పెద్దగయినవ్ గని గిది మాత్రం తలకెక్కదు నీకు. నా వడ్డీ నాకు వస్తది, రెండున్నరేండ్లకు ఇనబడుతది. అప్పటిదాక ప్రపంచంల ఏం మంచి ముచ్చట్లున్నయని? దినాం ఎవరో ఒకరు పోయిన కబురే. పోయిన ఆదివారం చర్చిల గూడ నలుగురమే ఉంటిమి. పాట పాడుతుంటే మిగిలిన ముగ్గురి పెదవులు చూసుకుంట నేను పాడిన. నేనొక చరణం ముందుకు పోయిననట.

ఇంకో మాట. రామమ్మ కొడుకు విజేందర్ ఉన్నడు గద, ఫోన్లనే షేర్లు కొంటున్నడట. ఏడాదిల రెట్టింపైనయని వాకిట్ల నిలబడి చెయ్యి తిప్పుకుంట చెప్తున్నడు. "అత్తమ్మా, డిపాజిటు తీసి నాకియ్యి, ఆరు నెలలల్ల నీ చెవులు తెచ్చిస్త" అంటడు. హాలియాల దుకాన్లన్ని బంద్, పెండ్లిళ్ళు బంద్, బస్సులు బంద్. మరి షేర్లు ఎట్ల పెరుగుతున్నయ్? నాకు గది అనుమానంగ ఉన్నది.

మీ అక్క,
కోమల

మరదలిని ఉడుకు నీళ్ళు తాగమను. నీరసానికి రాగిజావ మంచిది.


ముంబై,
27 జూన్ 2021.

మొద్దక్కకు,

ఉత్తరం ఆలస్యమైంది. లాక్‌డౌన్, ఆ తర్వాత వానలు, ఆ తర్వాత మనసు బాగాలేకపోవడం.

సేటుకు డబ్బు ఎక్కడిదని అడిగావు. ఈ ప్రశ్న మా గదిలో ఎవరూ అడగరు. ఎక్కడి నుంచీ తేడక్కా. రిజర్వు బ్యాంకు తన దగ్గరున్న బ్యాంకుల ఖాతాల్లో అంకె రాస్తుంది, అంతే, డబ్బు అయిపోతుంది. ఆ అధికారం దేశంలో ఆ ఒక్క బ్యాంకుకే ఉంది. షేర్ల సంగతి కూడా అందులోనే ఉంది. బాండ్లు అమ్ముకున్న వాళ్ళ చేతిలో డబ్బు ఉంది. డిపాజిట్ చేస్తే వడ్డీ లేదు. ఇక ఎటు పోవాలి? షేర్లలోకి పోతుంది. దుకాణాలు తెరిచి పెరిగినవి కావు అవి, డబ్బుకు వేరే జాగా లేక పెరిగినవి. ఆ డబ్బు ఆగిన రోజు ఏమవుతుందో విజేందర్‌కూ తెలియదు, నాకూ తెలియదు. నీ డిపాజిట్ కదిలించకు. నా మీద ఒట్టు.

నీకు ఒక నిజం చెప్పాలి. బాండ్ల ధర పెరిగితే వాటిని ముందే కొని పెట్టుకున్న వాళ్ళకు లాభం. మా గది ముందే కొని పెట్టుకుంది. ఈ ఏడాది మా గదికి ఎన్నడూ లేనంత లాభం వచ్చింది. మార్చిలో మిఠాయి పంచారు, నేనూ తిన్నాను. నీ నెలకు పద్నాలుగు వందలు ఎటు పోయాయని అడిగితే, కొంత మా గదిలోకి కూడా వచ్చిందని చెప్పాలి. నీ ఉత్తరం వచ్చేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు.

అయితే ఆ మిఠాయి కూడా అరిగేట్టు లేదు. ధర బాగుందని మా దగ్గరున్నవన్నీ అమ్మేశారు. ఇప్పుడు గదిలో బాండ్లు లేవు, మనుషులం మాత్రం పదకొండు మందిమి. అమ్మడానికి సరుకు లేనప్పుడు ఇంతమంది ఎందుకని మా పెద్దాయన అంటున్నాడు. సెప్టెంబరులో కొందరిని తీసేస్తారట. యాభై నాలుగేళ్ల వాడిని, నా పేరే ముందుంటుంది. పాత బాండుకు ధర ఎక్కువ అక్కా. ఎప్పుడో పెద్ద వడ్డీకి రాసిన పాత కాగితం ఒక్కటి ఉన్నా ఇవాళ కళ్ళకద్దుకొని కొంటారు. అట్లాంటివన్నీ అయిపోయాయి. మీ మరదలికి ఇంకా చెప్పలేదు.

నీ తమ్ముడు,
జాషువా


హాలియా,
15 జూలై 2021.

తమ్ముడు జాషువాకు,

నీ ఉత్తరం అందిన సంది నాకు అన్నం సయిస్తలేదు. యాభై నాలుగేండ్ల మనిషిని ఇంటికి పొమ్మంటరా? వాళ్ళ ఇంట్ల పెద్దోళ్ళు లేరా?

నువ్వు ఫికర్ చెయ్యకు. నేను ఆలోచన చేసిన. మీకు బాండ్లు లేకనే గద గీ కష్టం. మన ఇంట్ల ఒకటున్నది. బాపు బాండు. బాపు బైబిల్ల దాచిన కాగితం. అప్పుడు నువ్వు పసోడివి, నీకు తెల్వదు. గవర్నమెంటు ముద్ర మంచిగ కనబడుతాంది, మూడు సింహాలున్నయ్. పాతదైతే ధర ఎక్కువ అని నువ్వే రాసినవ్. గిది యాభై ఏండ్ల కిందిది. హాలియా మొత్తం తిరిగినా దీనికంటే పాతది దొరకదు. వడ్డీ గూడ పెద్దదే. రిజిస్టర్ పోస్టు చేసి పంపుతున్న. మీ పెద్దసారు చేతిల పెట్టి, మా దగ్గర ఇంకా బాండున్నది, నన్ను తీసెయ్యకున్రి అని చెప్పు. ఎంత ధర వచ్చినా మీ ఆఫీసుకే, నాకొద్దు. నీ కుర్సీ నీకుంటే చాలు.

ఒక్క మాట. మడత విప్పకు. ఉన్నది ఉన్నట్టు సారుకియ్యి. అండ్ల ఉన్నది ఎనుకటి రాత, నీకు అక్కర లేదు.

కాలువకు నీళ్ళు ఇంకా ఇడువలే. రామమ్మ పంపిన చిక్కుడుకాయ వండిన, ఉప్పెక్కువైంది.

మీ అక్క,
కోమల

పోస్టాఫీసుల అంజయ్య "అండ్ల ఏమున్నది పెద్దమ్మా?" అని అడిగిండు. ముంబై బ్యాంకుకు బాండు పంపుతున్న అన్న. లేచి నిలబడి ముద్రేసిండు.


ముంబై,
1 ఆగస్టు 2021.

గౌరవనీయులైన అక్కగారికి,

మీ రిజిస్టర్ పోస్టు అందింది.

ముందు నవ్వాను. తప్పు నాదే. మేము కొనే బాండ్లు ఇప్పుడు కాగితాలు కూడా కావు, కంప్యూటర్లో అంకెలు. మన దగ్గర స్టాంపు కాగితం మీద ఏం రాసుకున్నా బాండే అంటారన్న సంగతి నేను మరిచిపోయాను. నా ఉద్యోగం కాపాడడానికి బాపు కాగితం పోస్టులో వేశావని మీ మరదలికి చెప్పి ఇద్దరం నవ్వాము. ఆ నవ్వులోనే మడత విప్పాను. విప్పవద్దన్నావు. విప్పాను.

రూపాయి స్టాంపు. 1972. పట్వారీ చేతిరాత. ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, నీకు కంఠతా వచ్చి ఉంటుంది.

"లింగయ్య అను నేను పటేలు గారికి రాసి ఇచ్చిన జీతపు బాండు. నా కొడుకు జాషువా, వయసు ఐదేండ్లు, జబ్బున పడినందున నల్లగొండ దవాఖాన ఖర్చులకు మీ వద్ద నాలుగు వందల రూపాయలు తీసుకున్నాను. అసలు కింద నేను మూడేండ్లు మీ ఇంట జీతం ఉండగలవాడను. వడ్డీ కింద నా బిడ్డ కోమల, వయసు పదమూడు, అదే మూడేండ్లు మీ పశువుల వద్ద ఉండగలదు."

కింద బాపు వేలిముద్ర. దాని పక్కన ఇంకొక చిన్న వేలిముద్ర. ఏడో తరగతి చదివే పిల్లకు సంతకం రాదా అక్కా? రాయనివ్వలేదా?

ఇరవై తొమ్మిదేళ్లుగా బాండ్లకు ధర కడుతున్నాను. అసలు ఎంత, గడువు ఎంత, వడ్డీ ఎంత అని చూస్తే చాలు, నోటితో చెప్పగలను. దీన్ని మూడు రోజులు ఆఫీసులో ముందు పెట్టుకొని కూర్చున్నాను. అసలు నాలుగు వందలు. గడువు మూడేండ్లు. వడ్డీ నువ్వు. నాకు చేతకాలేదు. మా పెద్దాయన ఇదేమిటని అడిగితే చదివి అర్థం చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

చదువు అబ్బలేదని చెప్పావు. మొద్దునని చెప్పావు. నేను నమ్మి యాభై ఏళ్లు ఆ పేరు పెట్టి పిలిచాను. ఎందుకు చెప్పలేదు?

మీ ఖాతాలో రెండు లక్షలు వేశాను. కాదనవద్దు.

తమ్ముడు,
జాషువా


హాలియా,
16 ఆగస్టు 2021.

జాషువాకు,

విప్పొద్దంటే విప్పినవ్. సరే, అయిపోయింది.

మేనేజరు చీటీ మీద "రెండు లక్షలు వచ్చినయ్" అని రాసి చూపిచ్చిండు, సంబరంగ. గా చీటీ ఎనుక పక్క "వాపస్ పంపున్రి" అని రాసిచ్చి వచ్చిన. నీకు చేరే ఉంటయ్. నాకు చేతకాలేదని రాసినవ్, మళ్ళ గదే ఉత్తరంల ధర కట్టి పంపినవ్! మూడేండ్లకు రెండు లక్షలా? ఎట్ల కట్టినవ్, కంప్యూటర్ల కట్టినవా? నాకు ఏడుపొచ్చింది. ఎన్నడు నీ మీద ఏడవలే, మొన్న ఏడ్చిన.

ఇంకోటి. గౌరవనీయులైన అక్కగారేందిరా? నేనేమన్న పటేలునా? మొద్దక్క యాడికి పోయింది?

అడిగినవ్ కాబట్టి చెప్తున్న, మళ్ళ అడగకు. నీకు మెదడువాపు జరమొచ్చింది. వాడకట్టుల ఇద్దరు పిల్లలు పోయిన్రు. బాపు నిన్ను భుజం మీదేసుకొని నల్లగొండ దాక ఉరికిండు. నలభై రోజులకు ఇంటికి తెచ్చినం. నువ్వు నా మెడ చుట్టు చేతులేసి నిద్రపోయినవ్, దించనియ్యలే. గంతే. నాకు గది చాలు. మూడేండ్లు పశువులను కాలువ కట్ట మీద తిప్పిన. మంచిగనే ఉండె, దొంగతనంగ చెరుకు గూడ తిన్న. రెండో వానకాలం ఎడమ చెవిల చీము పట్టి కారింది. ఒక్కరోజు దవాఖానకు తోలుకపోతనని బాపు పటేలును అడిగిండు. "వడ్డీ ఒక్కరోజు ఆగుతదారా లింగయ్యా?" అన్నడట. కొన్నాళ్ళకు నొప్పి బంద్ అయింది. ఇనబడుడు గూడ బంద్ అయింది. వేలిముద్ర సంగతి అడిగినవ్. సంతకం చేస్తనన్న. అక్కర లేదన్నరు.

గడువైపోయినంక కాగితం బాపు చేతికొచ్చింది. చింపలే. పోయేముందు నాకిచ్చి "చింపెయ్యి బిడ్డా" అన్నడు. నేను గూడ చింపలే. నా పుట్టిన తేదీ బాపు యాడ రాయించలే, బడిల గూడ నా పేరు సార్లే రాసుకున్నరు. గా ఒక్క కాగితంలనే బాపు నోటెంబడి వచ్చిన మాట ఉన్నది, నా బిడ్డ కోమల అని. గందుకు దాచుకున్న. దాన్ని నీ కుర్సీ కోసం ఇచ్చిన. పనికిరాలే కాబట్టి నాకు వాపస్ పంపు.

నీ దగ్గర పైసలు ఎందుకు తీసుకోనో ఇప్పుడన్న సమజయిందా? తీసుకుంటే అప్పు తీరినట్టయితది. నువ్వు నాకు అప్పు కాదు.

కోమల


ముంబై,
24 అక్టోబరు 2021.

అక్కా,

రెండు నెలలు ఏం రాయాలో తెలియక రాయలేదు. నాలుగు ఉత్తరాలు చింపేశాను. నువ్వన్నది నిజమే, నేను ధర కట్టాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. నిన్ను ఏడిపించినందుకు నన్ను క్షమించు.

ఇక్కడి సంగతులు. ఈ నెల మొదట్లో రిజర్వు బ్యాంకు కొనుగోళ్లు ఆపేసింది. సేటు సంచి మూట కట్టేశాడు. బ్యాంకుల దగ్గర ఇప్పటికే డబ్బు ఎక్కువైపోయిందట. అంతమాత్రాన నీ వడ్డీ రేపే పెరగదు, నీకు అబద్ధం చెప్పను. తగ్గేటప్పుడు బస్సులో వచ్చింది, పెరిగేటప్పుడు నడిచి వస్తుంది. మా గదిలో నలుగురిని తీసేశారు. నన్ను తీయలేదు. కొత్తగా చేరిన పిల్లలకు పాఠాలు చెప్పే పని ఇచ్చారు, జీతం కొంచెం తక్కువ. మొదటి పాఠంలో ఒక అమ్మాయి, "వడ్డీ తగ్గితే ఎవరికి నష్టం సార్?" అని అడిగింది. పుస్తకంలో ఉన్న జవాబు ఒక లైను. నేను గంటసేపు చెప్పాను. పేరు చెప్పలేదు, హాలియాలో ఒక ఆయమ్మ అని మాత్రం చెప్పాను.

బాండు నా దగ్గరే ఉంది. పోస్టులో వేయడానికి రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను. పోతుందేమోనని భయం. నేనే తెస్తాను, నువ్వు రమ్మన్నప్పుడు.

డబ్బు పంపను. ఏం చేయాలో నువ్వే చెప్పు. ఏమీ చేయవద్దంటే మాత్రం నా వల్ల కాదక్కా.

జాషువా


హాలియా,
9 జనవరి 2022.

తమ్ముడు జాషువాకు,

నీ ఉత్తరానికి జవాబు కావాలనే ఆపిన. నాకొక లెక్క నిండాలె, అది నిండినంక రాద్దామనుకున్న. మొన్న నిండింది.

నెలనెల పద్నాలుగు వందలు పక్కకు పెట్టిన. పాతయి కలిపితే ముప్పైవేల ఆరు వందలయినయ్. ఒక మిషను వస్తది. నల్లగొండ పోయి కుడిచెవికి పెట్టించుకున్న. మీ రిజర్వు బ్యాంకు ఎంత కొన్నా, ఎంత తగ్గించినా, నా చెవి నేను తెచ్చుకున్న. మేనేజరుకు పోయి చెప్పిన. ఆయన మళ్ళ చీటీ తియ్యబోతుంటే, "నోటితోని చెప్పు సారూ, ఇనబడుతాంది" అన్న. ఇంక బ్యాంకుల ఉన్నోళ్ళందరు చప్పట్లు కొట్టిన్రు. అబ్బ, ఎంత సప్పుడురా భూమ్మీద! రామమ్మ ఇంత గట్టిగ మాట్లాడుతదని నాకు తెల్వనే తెల్వదు. చర్చిల పాట మధ్యల ఆగి విన్న. గిన్నేండ్లు నేను వేరే రాగంల పాడుతున్ననట, ఒక్కరు గూడ చెప్పలే.

విజేందర్ ఈ మధ్య వాకిట్ల నిలబడి చేతులు తిప్పుతలేడు. షేర్ల సంగతి నేను అడగలే, వాడు చెప్పలే.

ఇగ నీ సంగతి. ఏం చెయ్యాలో నువ్వే చెప్పమన్నవ్ గద. మస్తు ఆలోచించిన. ఎడమ చెవి ఉత్తగున్నది. డాక్టరు దానికి జర గట్టి మిషను కావాలన్నడు, ఇనబడుతది అన్నడు. దానికి నేను పైసలు జమ చెయ్యను. నువ్వే తెచ్చి పెట్టాలె. ఇది అప్పు తీరుసుడు కాదు, మళ్ళ గట్ల రాసినవంటే ఊకోను. గా చెవి యాభై ఏండ్ల సంది నీ పేరు మీదనే ఉన్నది. నీదానికి నువ్వు పెట్టుకుంటవ్, మధ్యల నాదేం పోయింది?

పైసలు పంపకు. నువ్వు రా. బాండు తీసుకొని రా, మరదలిని తోలుకొని రా. నల్లగొండ ముగ్గురం పోదాం. మిషను పెట్టినంక ఎవరో ఒకరు మాట్లాడి చూడాలంటరు, ఇనబడుతుందా లేదా అని. గా డాక్టరును మాట్లాడనియ్యకు. నువ్వే నా ఎడమ పక్కకు వచ్చి కూసోని, దగ్గరికి వంగి, మొద్దక్కా అని పిలువు.

నీ మొద్దక్క,
కోమల